నాగర్‌కర్నూలులో నొక దినము

2016లో పాలమూరునుండి విడివడి నాగర్‌కర్నూలు ప్రత్యేక జిల్లా యయ్యెను. కేసరిసముద్రపు గట్టుమీది గాలి హాయి గొలుపునదే కాని, మేము వచ్చినది మా యత్తగారి పట్టాలో దప్పుపడిన పేరు దిద్దించుటకు. కచేరీలో కంప్యూటరు మాటిమాటికి నిలిచిపోవుచుండెను. 2020లో ధరణి వచ్చెను. ప్రభుత్వము మారగా 2025 ఏప్రిలులో భూభారతి వచ్చెను. పేరు మార్చుటకంటె యంత్రమును నడపుట మేలని మా యభిప్రాయము.

ప్రక్కనున్న వృద్ధురాలి కుమారుడు దుబాయిలో నున్నాడట. అచట క్షేమమేనా యని యడిగితిమి.

"వాడు ఆడ పైలంగనే ఉన్నడు బిడ్డా. ఈడ నా రెండెకరాలకే దిక్కు లేదు" అనెను.

ఆమె వచ్చుట యిది నాలుగవసారి. 2023 డిసెంబరునుండి స్త్రీలకు బస్సు ఛార్జీ లేకుండుట మెచ్చదగినదే. పోయిన కూలిదినముల కెవ్వ రిత్తురు, సోదరీమణులారా?

సాయంకాలమునకు యంత్రము కదలెను. అప్పటికే యామె అచ్చంపేట బస్సెక్కి వెడలిపోయెను.