కొండమీది గడీ



బంధువులయింటి వివాహమునకై భాగ్యనగరమునకు బోయి జూబిలీహిల్సున నాలుగు దినములుంటిమి. ఒకప్పుడు గుండ్లును ముండ్లపొదలును దప్ప మఱేమియు లేని యా కొండలపై నిప్పుడు మేడలు బారులుదీరియున్నవి. ఒక గృహస్థు పెద్దగుండును దొలిపింప మనసొప్పక నట్టింటనే యుంచుకొన్నాడు. దానిని దుమ్ముదులుపు పనికత్తె యేమనుకొనునో! దిగువ ఫిలింనగరమున రామానాయుడుగారి స్టూడియో, దాని వెలుపల వాలున ఇఱుకైన బస్తీ ఇండ్లు.

బంధువుల పలుకుబడిచే నొక చిత్రీకరణము జూచితిమి. చెక్కతోను సున్నముతోను దొరగారి గడీ గట్టిరి. ద్వారముకడ బిందెతో గూర్చున్న వృద్ధురాలిని, "పెద్దమ్మా, మీరును నటింతురా?" అని యడిగితిమి.

"నటించుడేంది బిడ్డా, నీళ్లు మోసుడే. మా అమ్మ నల్లగొండ దిక్కు దొర గడీల ఉత్తగనే మోసింది. నాకు దినానికింత ఇస్తరు," అనెను.

ఆ మాటతో, మావారు బడిలో జెప్పు ఐరోపా పాఠము మాకు దలపునకు వచ్చినది. అచ్చటి ప్రభువు సొంత పొలమును రైతులు వారమున కొన్ని దినములు కూలిలేక దున్నవలెను. ఊరు విడిచి పోరాదు. 9వ శతాబ్దమున పారిసు సమీప మఠాధిపతి ఇర్మినో వ్రాయించిన దస్తరములో రైతుల పేర్లు, భార్యాబిడ్డలు, చెల్లింపవలసిన కోళ్లు, గ్రుడ్లు సైతము గలవు. గ్రుడ్లనుగూడ లెక్కించిన యా శ్రద్ధకు మే మాశ్చర్యపడితిమి.

నిజాము రాజ్యమున రమారమి మూడవవంతు భూమి జాగీర్దారులది. తక్కినచోటులను దేశముఖులే దొరలు. చాకలి బట్టలుదుకుట, కుమ్మరి కుండలిచ్చుట, గొల్ల గొఱ్ఱెనిచ్చుట, ఇట్లు కులమునుబట్టి వెట్టి. ఐరోపా రైతునకు తన కమతమైన నుండెను. ఇచ్చట పెక్కుమందికి నదియు లేదు. స్త్రీల కష్టము వేఱుగ జెప్పనక్కఱలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు గూలెను. పాలకుర్తి ఐలమ్మ తన పంటను దేశముఖు మనుష్యుల పాలుగానీయక నిలిచెను. 1949 ఆగస్టు 15న జాగీరులు రద్దయ్యెను.

చలనచిత్రముల కీ కథ క్రొత్తదికాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు "రైతుబిడ్డ"ను దీసిరి. బళ్లారి రాఘవగారు రైతుగా నటించిరి. జమీందారుల దౌష్ట్యమును జూపిన యా చిత్రమునకు ధనమిచ్చినవారు చల్లపల్లి జమీందారుగారే! ఇతర జమీందారులు మండిపడుటయు నిజమే.

ఇంతలో సహాయకు డొకడు పిలిచెను. వృద్ధురాలు బిందె చంకనెత్తుకొనెను. "నీళ్లు లేవుగదా, తేలికయేనా?" అంటిమి. "తేలికనే. కాని బరువున్నట్టు నడువమంటరు," అని నవ్వి, నడుము వంచి గడీలోనికి నడచెను.