పామూరు నుంచి రెండు దారులు

పామూరు బస్టాండులో ఏ పూట చూసినా సందడే. భైరవకోన గుహాలయాలు చూడటానికి వచ్చినవాళ్లు, కనిగిరి వెళ్లి పెళ్లి బట్టలు తెచ్చుకునేవాళ్లు, బేల్దారి పనులకని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకో బెంగళూరుకో బయల్దేరినవాళ్లు అంతా అక్కడే బస్సుకోసం నిలబడతారు. మెట్ట ప్రాంతం కదా, వాన పడితే కంది, పొగాకు, పడకపోతే వలస. ఈ జనంలోనే ఒక్కోసారి మరో జంట ఉంటుంది. ఆయన చేతులు వణుకుతుంటాయి, ఆవిడ చేతిలో ఒక సంచీ, అందులో పాత చీటీలు. ఎక్కడికి వెళ్తున్నారంటే "ఒంట్లో బాగోలేదు, ఒంగోలు" అంటుంది, అంతకుమించి చెప్పదు.

ఆ చెప్పని మాటే ఈ వారం మనం మాట్లాడుకుందాం. తాగుడు మాన్పించే వైద్యానికి పామూరు నుంచి ఏ దారిన వెళ్లాలి, వెళ్లాక ఏం జరుగుతుంది అన్నది తెలిస్తే సగం భయం పోతుంది.

ముందు దక్షిణం దారి. వరికుంటపాడు వైపు సాగే ఈ రోడ్డు నెల్లూరు జిల్లాలోకి దిగుతుంది. నిజానికి 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా పామూరు కూడా నెల్లూరు జిల్లాలోదే. ఆ దిక్కునే కలిగిరి మండలంలో దూబగుంట ఉంది. పేరు వినని ఆడవాళ్లుండరు! రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న కూలి తల్లులు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో సారా పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారనుకోండి, అయినా ఆడవాళ్లు ఏకమైతే ఏం చేయగలరో లోకం చూసింది.

కానీ కొట్టు మూతపడటం వేరు, మనిషి ఒంట్లోంచి మందు దిగటం వేరు. 2020 జూలై నెలాఖరులో మన పశ్చిమ ప్రకాశంలోనే కురిచేడులో ఏం జరిగిందో గుర్తుందా? కరోనా కట్టడితో మందు దుకాణాలు మూసేశారు. అలవాటుపడ్డ ఒళ్లు ఊరుకోక కొందరు చేతులకు రాసుకునే శానిటైజరు తాగారు. పది మందికి పైగా చనిపోయారు. వాళ్లకు బుద్ధి లేదని మనం తేలిగ్గా అనేస్తాం. అసలు సంగతి ఏమిటంటే, ఏళ్ల తరబడి రోజూ తాగిన మెదడు మందు ఉంటేనే కుదురుగా ఉండేలా మారిపోతుంది. ఉన్నట్టుండి అది ఆగిపోతే పగ్గం తెగిన ఎద్దులా చెలరేగుతుంది.

అందుకే రోజూ ఎక్కువగా తాగే మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పించాలని చూడకండి. ఆఖరిసారి తాగిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవటం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరు లేని పురుగులు చూసి దులుపుకుంటారు, పలవరిస్తారు, ఇంట్లోవాళ్లనే గుర్తుపట్టరు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తే సరిపోదండీ, ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవి పెట్టటం, నోట్లో స్పూను దూర్చటం, నీళ్లు పోయటం వద్దు.

ఇక ఉత్తరం దారి. కనిగిరి, పొదిలి మీదుగా ఒంగోలు నూరు కిలోమీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున బయల్దేరితే ఓ.పి. వేళకు అందుకోవచ్చు. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో, అదే మనవాళ్లు ఇప్పటికీ రిమ్స్ అనే చోట, మానసిక వైద్య విభాగం ఎక్కడని అడగండి. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని ఆయన బిగుసుకుపోవచ్చు. పిచ్చికి కాదు, నిద్ర పట్టటానికి, వణుకు తగ్గటానికి అని నెమ్మదిగా చెప్పండి. అది అబద్ధం కూడా కాదు.

సంచీలో ఏం పెట్టుకోవాలి? ఆధార్ కార్డు, పాత మందుచీటీలు, రెండు జతల బట్టలు, దుప్పటి, చిన్న నోటుపుస్తకం. రోజుకు ఎంత తాగుతారు, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు, ఇదివరకు ఫిట్స్ వచ్చాయా, గంజాయి, నిద్రమాత్రల అలవాటు ఉందా అని డాక్టరు అడుగుతారు. పరువు కోసం తగ్గించి చెప్పకండి. మందు మోతాదు ఆ లెక్కను బట్టే వేస్తారు. నిద్రమాత్రలు కూడా ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు కాబట్టి ఆ సంగతి అస్సలు దాచకూడదు.

చేర్చుకున్నాక జరిగేది ఇదీ. మెదడును శాంతపరిచే మాత్రలు మొదట ఎక్కువగా ఇచ్చి, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపేస్తారు. కాలేయానికి రక్తపరీక్షలు చేస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఈ బి1 సంగతి గుర్తుపెట్టుకోండి. తాగేవాళ్లలో అది అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ఊళ్లో ఉత్త గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే కొందరికి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మరి "ఆయనకు తెలియకుండా మజ్జిగలో కలపండి, వారంలో మానేస్తారు" అనే పొడులో? దయచేసి జోలికి పోకండి. డైసల్ఫిరామ్ అనే మందు ఒకటుంది. అది వేసుకున్నాక మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బి.పి. పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. అందుకే డాక్టర్లు మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి మరీ ఇస్తారు. మనం ప్రేమగా కలిపిన చారే ఆయనకు విషం కాకూడదు కదా!

ప్రైవేటు డీ అడిక్షన్ సెంటర్లు ఇప్పుడు ప్రతి పట్నంలోనూ ఉన్నాయి. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. డాక్టరు రోజూ వస్తారా? రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో రిజిస్టరు అయిందా? మనం వెళ్లి చూడొచ్చా? కొట్టటం, గొలుసులతో కట్టేయటం వైద్యం కాదు. 2017 నాటి చట్టం గొలుసులతో కట్టటాన్ని పూర్తిగా నిషేధించింది.

దక్షిణం దారినే ఇంకా ముందుకు, నెల్లూరు దాటి వెళితే చెన్నై. అక్కడ అడయారు దగ్గర ఇందిరానగర్‌లో టి.టి.కె. ఆసుపత్రి ఉంది. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ అనే ఆవిడ ఆయన పేరుతోనే 1980లో స్థాపించిన సంస్థ అది. తనకు జరిగింది మరో ఇల్లాలికి జరగకూడదనుకున్నారు. 1992లో, దూబగుంట ఉద్యమం నడిచిన ఏడే, ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఊళ్లలోనే శిబిరాలు పెట్టి వైద్యం చేసే పద్ధతినీ ఆ సంస్థ నడిపింది. అలాంటి శిబిరం మన పామూరు వైపు కూడా వస్తే ఎంత బావుండునో! డ్వాక్రా సంఘాల మీటింగులో అప్పులు, వాయిదాలతోపాటు ఈ మాట కూడా ఒకసారి ఎత్తి చూడండి.

ఎందుకంటే కష్టం ఒక్క ఇంటిది కాదు. 2019లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు బయటపెట్టిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 5.7 కోట్ల మందికి తాగుడు విషయంలో సాయం అవసరం. మందుకు పూర్తిగా బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. ఆ ఒక్కరి వెనక ఎవరో ఒక ఆడమనిషి సంచీ పట్టుకుని నిలబడే ఉంటుంది.

ఇంటికి తిరిగొచ్చాక అసలు పని మొదలవుతుంది. కొన్నాళ్లు మందు తాగే విందులకు పంపకండి. సాయంత్రం ఆ వేళకు ఆకలి వేయకుండా చూడండి. వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు, కోడిగుడ్డు, చిక్కటి పప్పు ఏదో ఒకటి పెట్టండి. చీటీలో రాసిన తేదీకి మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మళ్లీ ఒకరోజు తాగి వచ్చారనుకోండి, అంతా బూడిదలో పోసిన పన్నీరైందని కూలబడకండి. బి.పి., షుగరు లాగే ఇదీ మళ్లీ తిరగబెట్టే జబ్బే. తిరగబెడితే మళ్లీ వైద్యమే.

అంతదూరం బస్సెక్కే ధైర్యం ఇంకా రాకపోతే ముందు ఫోన్ చేయండి. 14446 మత్తు వ్యసనాల గురించి, 14416 మనసు బాధల గురించి. రెండూ ప్రభుత్వానివే, డబ్బు ఖర్చు లేదు. ఆయన కోసమే కాదు, నిద్రలేని మీ కళ్ల కోసం కూడా ఆ నంబర్లు. ఆయన కొడుతుంటే మాత్రం ఆయన మారేదాకా ఆగకండి. 181కి ఫోన్ చేయండి. మీ ప్రాణం, పిల్లల ప్రాణం ముందు. ఈ నాలుగు నంబర్లూ క్యాలెండరు వెనక రాసిపెట్టుకోండి: 108, 14446, 14416, 181. మీకు అక్కర్లేకపోతే మంచిదే, పక్కింటావిడకు పనికొస్తాయి.