కోనసీమలో గోడమీది కుటుంబాలు

గోదావరి ధవళేశ్వరం దాటగానే పాయలుగా విడిపోతుంది. గౌతమికి, వసిష్ఠకు నడుమ సముద్రం వరకు పరచుకొన్న నేలనే మనం కోనసీమ అంటాము. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాత ఈ డెల్టా ఎంత పచ్చబడిందో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అక్కడి కొబ్బరితోటలను గూర్చి, ఆత్రేయపురం పూతరేకులను గూర్చి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. మేము వెళ్ళిన పని వేరు. ఇండ్లలో గోడలకు తగిలించిన కుటుంబ ఫోటోలను చూచి, వాటి సంగతులు ఆ ఇంటివారి నోటనే వినాలని మా కోరిక.

రాజమహేంద్రవరంలో బస్సెక్కి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం చేరాము. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఈ ఊరే దానికి కేంద్రమయింది. బస్టాండు చుట్టూ చూస్తే విమాన టిక్కెట్ల దుకాణాలు, పాసుపోర్టు సైజు ఫోటోల బోర్డులు ప్రక్కప్రక్కనే కనబడతాయి. ఇంత పచ్చని సీమ నుండి మనుష్యులు ఎందుకు వెళ్ళిపోతారని పైవారు అడుగుతూ ఉంటారు. తోట ఉన్నవారికే పచ్చదనం. ఆ తోటలో కూలికి పోయేవారికి ఆ పచ్చదనం అన్నం పెట్టదు. 1970లలో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలలో పనులు పుట్టినప్పటి నుండి మగవారు మస్కట్‌కు, దుబాయికి, ఆడవారు ఇంటిపనులకు కువైట్‌కు వెళ్ళడం ఇక్కడ మామూలైపోయింది.

అమలాపురంలో ఒక పాత స్టూడియో యజమానిని కలిశాము. డెబ్బయి దాటిన మనిషి. కుమారుడు ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చొని పని చేస్తాడు, ఈయన బల్ల మీద కూర్చొని వచ్చినవారిని పలకరిస్తాడు. లోపలి గదిలో ఒక పాత తెర ఇంకా వ్రేలాడుతోంది. దాని మీద మెట్లు, పూలకుండీలు, దూరాన ఒక తెల్లని మేడ. పూరింట్లో ఉన్నవారంతా ఆ మేడ ముందు నిలబడి ఫోటో దిగినవారే!

“ఆయ్, నేను పని నేర్చుకునే రోజుల్లో రీలుకు పన్నెండు ఫోటోలేనండి. ఒకటి పాడైతే మా గురువుగారు ఊరుకొనేవారు కారు” అన్నాడు. ఆ రోజుల్లో ఆగ్ఫా క్లిక్ 3 అనే చిన్న కెమెరా చాలా ఇండ్లకు చేరింది. ఊటీలో ప్రభుత్వం పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 1967 నుండి ‘ఇందు’ అనే పేరుతో మన దేశంలోనే ఫిల్ము తయారుచేసింది. అయినా ఊళ్ళలో కుటుంబమంతా ఫోటో దిగడమంటే పండుగంత పని. ఎడ్లబండి కట్టించాలి, లేదా పడవెక్కాలి. మంచి బట్టలు మూటకట్టుకొని వచ్చి, స్టూడియో వెనుక కట్టుకొనేవారట. ముగ్గురు కలిసి దిగకూడదని, ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయపడే పెద్దలను ఒప్పించడం మరొక ప్రయాస. ముగ్గురే వస్తే నాలుగోవారి లెక్కకు స్టూడియోలోని బొమ్మను చేతికిచ్చేవాడట.

అంతకు ముందు తరాలలో ఈ భాగ్యం సంపన్నులకే ఉండేది. సికింద్రాబాదులో 1880లలో స్టూడియో పెట్టిన లాలా దీన్ దయాళ్, ఆరవ నిజాము దగ్గర ఫోటోగ్రాఫరుగా ఉండి నవాబులను, దొరలను చిత్రించాడు. ఘోషాలో ఉండే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో వేరుగా ఒక స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ స్త్రీ చేతిలో పెట్టాడు. ఘోషా విడువని ఆ తల్లుల ముఖాలు కూడా ఎవరో ఒకరికి దాచుకోవాలనిపించిందన్నమాట.

మా అమలాపురం పెద్దాయన చెప్పిన ఒక సంగతి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. భర్త గల్ఫ్‌లో ఉండగా కుటుంబ ఫోటో తీయించుకోవడానికి వచ్చే స్త్రీలు ప్రక్కన ఒక మనిషి పట్టేంత చోటు విడిచి నిలబడేవారట. తరువాత ఆయన అక్కడ దిగి పంపిన ఫోటోను కత్తిరించి, ఆ చోట అతికించి, మళ్ళీ ఫోటో తీసి, బ్రష్షుతో అంచులు కలిపేవాడు. రెండు మూడు రోజుల పని. ఇప్పుడు కుమారుడు పది నిమిషాలలో చేసేస్తాడు. అది అబద్ధపు ఫోటో కదా అని మాలో ఒకరు అన్నారు. ఆయన నవ్వి, “ఒక్కచోట లేకపోవడం నిజవేనండి. ఒక్క కుటుంబం కావడం కూడా నిజవేగా” అన్నాడు. మాకు ఆ జవాబు సరిగానే తోచింది. చనిపోయినవారిని కలిపి క్రొత్తగా నవ్వు, కోటు తగిలించే పని మాత్రం మాకు నచ్చలేదు. ఆ మనిషి ఎన్నడూ వేసుకోని కోటు పిల్లలకు గుర్తుండిపోవడం ఎందుకు?

మరునాడు బోడసకుర్రు వంతెన మీదుగా వైనతేయ పాయ దాటి రాజోలు వైపు వెళ్ళాము. మలికిపురం ఇవతల ఒక పల్లెలో మాకు తెలిసిన సహోదరి ఇంట భోజనం. ఆ ప్రక్క ఇంటి గోడ మీద ఒక వింత చూచాము. అందరి ఇండ్లలో ఫోటో తలుపుపైన, ఎత్తున, కొంచెం ముందుకు వంగి ఉంటుంది. అక్కడ మాత్రం ఒక యువతి ఫోటో నేలకు రెండడుగుల ఎత్తులో కొట్టిన మేకుకు వ్రేలాడుతోంది. అద్దమంతా చిన్న చిన్న వ్రేళ్ళ ముద్రలు.

“మా కోడలమ్మా. కువైట్ ఎల్లేటప్పటికి పాపకి పద్నాలుగు నెలలు” అని ముసలమ్మ చెప్పింది. “పైన పెడితే పిల్లకేం కనబడద్దీ? కిందకి దించేశాను. పొద్దున్న లేవగానే దాని దగ్గరికెళ్ళి ముద్దెట్టుకుంటాది.” వెళ్ళిన రెండున్నర సంవత్సరాలకు తల్లి సెలవు మీద వచ్చిందట. పిల్ల నాయనమ్మ చీర వెనుక దాక్కొని ఒకసారి వచ్చినామెను, ఒకసారి గోడను చూచి, చివరికి వెళ్ళి ఫోటోనే కౌగిలించుకొందట. ఆ తల్లి ఏమీ అనలేదు. ఫోటో ప్రక్కన నేల మీద కూర్చొంది. పిల్ల ఒడిలోకి రావడానికి సాయంత్రమయింది. సెలవు రెండు నెలలే. ఇది చెబుతూ ముసలమ్మ కన్నీళ్ళు పెట్టుకోలేదు, అద్దం తుడవబోయి మానుకొంది.

ఫోనులో ముఖాలు చూచుకొనే ఈ రోజుల్లో గోడమీది ఫోటో ఎందుకని అడిగేవారు ఈ ఇంటికి వెళ్ళి రావాలి. ఫోను ఎవరో తీసి ఇస్తేనే, తల్లికి పని తెమిలినప్పుడే. గోడ మీదున్నది పిల్లకు ఎప్పుడు కావాలంటే అప్పుడు.

సముద్రానికి దగ్గరవుతున్న కొద్దీ కథలు మారాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. అలా భర్తను పోగొట్టుకొన్న ఒక విధవరాలి ఇంట ఒక పెద్ద పటం ఉంది. శరీరం దొరకలేదు, విడిగా ఫోటో లేదు. బంధువుల పెండ్లిలో తీసిన గుంపు ఫోటోలో, వెనుక వరుసలో, ఆవగింజంత ముఖం మాత్రం ఉన్నది. స్టూడియో అతడు దాన్నే పెద్దది చేసి, మసకబారిన చోట బ్రష్షుతో దిద్ది, భుజాలు, చొక్కా గీసి ఇచ్చాడు. “చొక్కా ఆయనది కాదండి. కళ్ళు ఆయనవే” అన్నదామె. కుమారుడు పుట్టింది ఆ తరువాత. అతనికి తండ్రి అంటే ఆ పటమే.

ఇంత విలువైన వస్తువులను మనం ఎలా ఉంచుతున్నాము? కోనసీమ గాలిలో చెమ్మ ఎక్కువ. 1986 ఆగస్టు వరదలో తడిసిన ఫోటోలు అద్దాలకు అతుక్కొని, అలాగే ఉన్నవి రెండిండ్లలో చూచాము. అలా అతుక్కొన్నవాటిని పీకకండి, చిత్రం అద్దానికే ఊడివస్తుంది. అద్దం మీదనుండే మరొక ఫోటో తీయించుకోండి. క్రొత్తగా ఫ్రేము కట్టించేటప్పుడు ఫోటోకు అద్దానికి నడుమ అట్టచట్రం పెట్టమని అడగండి. ఎండ పడే గోడ మీద రంగుల ఫోటో త్వరగా వెలిసిపోతుంది. పాత నలుపు తెలుపు ఫోటోలే ఎక్కువకాలం నిలుస్తున్నాయి. లామినేషన్ చేయిస్తే గట్టిగా ఉంటుందనుకొంటారు గాని, ఒకసారి వేడికి అంటుకొన్న ఆ ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు. అన్నిటికంటె ముఖ్యం, ఫోటోలో ఉన్నవారి పేర్లు వ్రాసిపెట్టడం. పాత కాగితమైతే వెనుక అంచున మెత్తని పెన్సిలుతో నెమ్మదిగా వ్రాయవచ్చును. ఇప్పటి నున్నని కాగితానికి పెన్సిలు అంటదు గనుక చీటీ మీద వ్రాసి ఫోటోతోపాటు కవరులో ఉంచాలి. ఒక ఇంట్లో తొమ్మిదిమంది ఉన్న ఫోటో చూపించి ఎవరెవరని అడిగితే నలుగురి పేర్లే చెప్పగలిగారు. మిగిలిన ఐదుగురిని గుర్తుపట్టగలిగిన పెద్దమ్మ అంతకు ముందు వేసవిలో కన్నుమూసిందట.

సాయంత్రానికి సఖినేటిపల్లి రేవుకు వచ్చి, నరసాపురం వెళ్ళడానికి పంటు ఎక్కాము. మోటారు సైకిళ్ళు, అరటిగెలలు, బడిపిల్లలు. మా ప్రక్కన ఒక పెద్దాయన బ్రౌను కవరు ఒకటి ఛాతీకి ఆనించి పట్టుకొన్నాడు. మస్కట్‌లో ఉన్న కుమారునికి నాలుగు నెలల క్రితం కొడుకు పుట్టాడట. తండ్రి బిడ్డను ఇంకా ఎత్తుకోలేదు. ఆ రాత్రి నరసాపురం నుండి హైదరాబాదు రైలెక్కి, అక్కడి నుండి మస్కట్ వెళ్ళే ఒకాయన చేత ఫోటో పంపించాలి.

“రోజూ ఫోన్‌లో చూస్తానే ఉంటాడండి. అయినా కాయితం మీద కావాలన్నాడు. క్యాంపులో మంచం పక్కన అంటించుకుంటాడంట” అని తీసి చూపించాడు. కోడలు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒడిలో కళ్ళు మూసుకొన్న పసివాడు. ఎడమ ప్రక్కన మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కళ్ళజోడు తేలేదు, కవరు మీద పేర్లు వ్రాసిపెట్టమని అడిగాడు. మేము కలం తీసి ఆయన చెప్పినట్లు నలుగురి పేర్లు, పసివాడు పుట్టిన తేదీ, వాడి బరువు కూడా వ్రాశాము. పంటు వసిష్ఠ అవతలి ఒడ్డుకు చేరగానే ఆయన అందరికంటె ముందు దిగి, స్టేషను వైపు ఆటో మాట్లాడుకోవడానికి వెళ్ళాడు.