నాన్న కట్టే పార్సిల్

మొన్న సంక్రాంతి వెళ్లాక ఇల్లు మారాం. పాత ఇంట్లో అటక ఉండేది కాబట్టి ఏది అడ్డమైతే అది పైకి తోసేసేదాన్ని. కొత్త ఫ్లాట్‌లో ఆ భాగ్యం లేదు. సర్దుతుంటే ఆకుపచ్చ ట్రంకు పెట్టె కిందికి దిగింది. మూత తీయగానే కలరా ఉండల వాసన. లోపల ఇంద్రజాల్ కామిక్స్, అమర చిత్ర కథలు కలిపి 142 పుస్తకాలు.

మా నాన్న విజయవాడ ఆర్ఎంఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు, పార్సిళ్లు సార్టింగ్ చేసేవారు. నైట్ డ్యూటీ దిగి వస్తూ స్టేషన్ బుక్‌స్టాల్లో ఒక కామిక్ కొనుక్కొచ్చేవారు. ఇంద్రజాల్ కామిక్స్ 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి. మధ్యలో ఓ పదేళ్లు మాకు ఫాంటమ్, మాండ్రేక్, బహదూర్ ఇంట్లో మనుషులే. అన్నయ్య, నేను బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషు కంటే ఆ బొమ్మల పక్కన బుడగల్లో చదివి నేర్చుకున్నదే ఎక్కువ.

పాత పేపర్లు కొనే అతను కాటా మీద పెట్టబోతుంటే మా అమ్మాయి అడ్డుపడింది. "అమ్మా, ఇలాంటివి వెతుక్కుని మరీ కొనేవాళ్లున్నారు, కిలోల లెక్కన ఇస్తావా?" అంది. ఫోటోలు తీసి ఫోన్లో పెట్టింది. సాయంత్రానికే అయిదుగురు అడిగారు. నాకు ఆశ్చర్యం, కాస్త గర్వం కూడా. ఇన్నేళ్లలో నా చేత్తో నేను సంపాదించబోయే మొదటి డబ్బు మరి!

ఆ గర్వం వారం కూడా నిలవలేదు. మొదటి పార్సిల్ పుణెకి. ఆరు పుస్తకాలు ఒక పెద్ద కవర్లో పెట్టి, చుట్టూ టేపు వేసి కొరియర్‌కి ఇచ్చేశాను. అందుకున్నాయన ఫోటో పంపారు. నాలుగు మూలలూ కుక్క చెవుల్లా మడతపడ్డాయి. ఒకదాని అట్ట పిన్ను దగ్గర చిరిగింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇంకా సిగ్గనిపించింది. డబ్బు మొత్తం వెనక్కి పంపేశాను.

ఆ రాత్రి నాన్న మాటలు గుర్తొచ్చాయి. "నువ్వు అడ్రసు ఎంత గుండ్రంగా రాసినా, నీ పార్సిల్ మీద ఇంకో బస్తా పడుతుందమ్మా. పడుతుందనుకునే కట్టాలి" అనేవారు. పగిలిన పచ్చడి జాడీలు, చిట్లిన పెట్టెలు రోజూ చూసిన మనిషి. ఆయన కూతుర్నై ఉండి కవరుకి టేపు చుట్టి పంపాను!

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను. ముందు ఒక్కో పుస్తకానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు, వెనక గట్టి అట్ట. కవరు నోరు మూసే టేపు పుస్తకానికి తగలకూడదు. తీసేటప్పుడు అట్ట మీద రంగు ఊడొస్తుంది. తర్వాత పాత అట్టపెట్టె కోసి, పుస్తకం కంటే అన్ని వైపులా అంగుళం పెద్దగా రెండు ముక్కలు తీసుకోవాలి. ఒకదాని గీతలు నిలువుగా, ఇంకోదానివి అడ్డంగా ఉండేలా పెడితే ఎటువైపూ వంగదు. ఆ రెండింటి మధ్య పుస్తకాలు జారకుండా కవర్లను కింది అట్టకి టేపుతో పట్టించాలి. రబ్బరు బ్యాండు మాత్రం వద్దు, అంచులు కోసేస్తుంది. పైన ఒక ప్లాస్టిక్ కవరు, వానకి. అప్పుడు పెట్టెలో పెట్టి చుట్టూ ఉండలు చుట్టిన కాగితం కుక్కాలి. మూసి చెవి దగ్గర ఊపితే లోపల చప్పుడు రాకూడదు. చివరి టేపు కొస కొంచెం మడిచి వదిలితే, అవతలివాళ్లు కత్తి పెట్టకుండా తీసుకుంటారు.

రెండో పార్సిల్ చెక్కుచెదరకుండా చేరింది. మూడోది కొనే ఆవిడ డబ్బు పంపే ముందు, "లోపల ఎక్కడైనా రాతలున్నాయా?" అని అడిగింది. చూద్దామని మొదటి పేజీ తిప్పాను. నీలం సిరాతో అన్నయ్య పేరు, కింద తరగతి, సెక్షను. ఇంకోటి తిప్పాను, అన్నయ్య పేరే. సగానికి పైగా వాడివే.

నేను, అన్నయ్య మాట్లాడుకుని రెండేళ్లయింది. అమ్మ పోయాక ఇల్లు అమ్మేటప్పుడు బేరం అంతా వాడే మాట్లాడేసి, నన్ను సంతకానికి మాత్రం పిలిచాడు. వాటా సరిగ్గానే ఇచ్చాడు. నాకు డబ్బు గురించి కాదు, ఒక్క మాట అడగలేదని. మరి ఇప్పుడు నేను చేస్తున్నదేమిటి? వాడి పేరున్న పుస్తకాలు వాడికి చెప్పకుండా ఊళ్లు దాటిస్తున్నాను.

ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి చేశాను. ముందు వదిన ఎత్తింది, ఏమీ అడగకుండా వాడికిచ్చింది.

"అన్నయ్యా, మన కామిక్స్ అమ్ముతున్నాను. పన్నెండు పోయాయి. నిన్ను అడగాల్సింది, అడగలేదు."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "ఇంటి సంగతి నేనూ నిన్ను అడగాల్సిందే కదే" అన్నాడు. ఇద్దరం ఆ మాటని అక్కడితో వదిలేశాం. "అన్నీ అమ్మెయ్, ఎవరైనా చదువుకుంటారు. ఆ చింపిన బహదూర్ ఉందా?"

ఉంది. ఎవరు ముందు చదవాలని కొట్టుకుని చెరో సగం లాగితే చిరిగిన పుస్తకం. నాన్న అన్నం మెతుకులతో అతికించారు. అతుకు దగ్గర పురుగు కూడా తిన్నది. కొనేవాళ్లెవరూ వద్దంటారని పక్కన పడేశాను.

దాన్ని మిగతా అన్నిటికంటే శ్రద్ధగా కట్టాను. కొత్త కవరు, రెండు అట్టలు, కొలిచి కోసిన పెట్టె. స్పీడ్ పోస్టు కౌంటరులో అమ్మాయి "విలువైనదా మేడమ్?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక నవ్వాను. రసీదు పర్సులోనే ఉంది.

నాలుగో రోజు అన్నయ్య ఫోన్. "ఏమే, అట్ట మీద అట్ట పెట్టి ఇంతలా కట్టావు, విప్పడానికి పది నిమిషాలు పట్టింది. కొస కూడా నాన్నలాగే మడిచావు." గొంతు కొంచెం మారింది. వెంటనే సర్దుకుని, "అమ్మిన డబ్బుల్లో నా సగం ఎప్పుడు పంపుతావు?" అన్నాడు.

లెక్క రాస్తున్నానని చెప్పాను. నిజంగానే రాస్తున్నాను, నాన్న పాత డైరీలో. ఇంకా 129 పుస్తకాలున్నాయి. ఈసారి వేసవి సెలవులకి వాడు, వదిన వస్తామన్నారు. అంతవరకు మిగతావి కట్టనని చెప్పాను. ఇద్దరం కలిసి కడతాం.