చలికాలం బండి

తెలంగాణలో చలి ఎక్కడెక్కువ అంటే ఎవరైనా ముందు మా ఆదిలాబాద్ పేరే చెబుతారు. డిసెంబరు, జనవరిల్లో కొన్ని రాత్రులు 10 డిగ్రీల కిందికి, ఒక్కోసారి 5 దాకా కూడా దిగిపోతుంది. దుప్పటి కప్పుకుని కూర్చునేవాళ్లకి అది కబుర్లు చెప్పుకునే చలి. పొద్దున్నే బండెక్కేవాళ్లకీ, వాళ్లని సాగనంపే ఆడవాళ్లకీ సంగతి వేరు.

మావారు పద్దెనిమిదేళ్లు ఏజెన్సీ బడికి పాత స్ప్లెండర్ మీదే వెళ్లొచ్చారు. ఆ బండి సేవ నాకూ కంఠతా వచ్చేసింది. రాత్రిపూట ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ చేరి గొలుసు తుప్పు పడుతుంది. అందుకే నా పాత నేతచీర రెండు మడతలేసి కప్పుతాను. పొద్దున తాళం తిప్పకముందే నాలుగు కిక్కులు కొట్టి, తర్వాత చోక్ లాగి స్టార్ట్ చేయాలి. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు, చోక్ గాలిని తగ్గించి ఆ లోటు తీరుస్తుంది. ఇంజను వేడెక్కగానే చోక్ వెనక్కి తోసెయ్యాలి. తలుపులు మూసిన చోట మాత్రం ఇంజను నడవనివ్వకూడదు. ఆ పొగలో ఉండే విషవాయువుకి వాసన కూడా ఉండదు.

ఈ ఏడాది మావారికి ఊళ్లోని బడికి బదిలీ అయింది. బండి ఖాళీ అయిందనుకుంటే, నవంబరులో మా అమ్మాయికి ముప్పై కిలోమీటర్ల అవతల నర్సు ఉద్యోగం వచ్చింది. ఎనిమిదింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఆ వేళకి బస్సు లేదు.

"ఆడపిల్ల గింత మంచుల బండి మీద పోతదా? వద్దని చెప్పు" అంది మా అత్తయ్య.

"బాపు పోయేటప్పుడు గీ మంచు లేకుండెనా, నానమ్మా?" అంది అమ్మాయి.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. మా దారిలో అసలు భయం చలి కాదు. పత్తి సీజను. మార్కెట్ యార్డుకి పత్తి మోసే బళ్లు, ట్రాక్టర్లు. చాలావాటికి వెనక లైటుండదు. దగ్గరికి వెళ్లేదాకా పొగమంచులో కనబడవు. మావారు వెళ్లినన్నాళ్లూ నేను ఆ భయంతోనే ఫోను పక్కన పెట్టుకుని వంట చేశాను. కానీ ఆయన్ని ఉద్యోగం మానెయ్యమని ఎవరం అనలేదు. జాగ్రత్త అన్నాం, అంతే. మరి అమ్మాయికి మాత్రం 'జాగ్రత్త' బదులు 'వద్దు' ఎందుకు?

అందుకని ఆయనకి చెప్పిన జాగ్రత్తలే దానికీ చెప్పాను. మంచులో పెద్ద లైటు వెయ్యకు, ఆ వెలుగు తిరిగి నీ కళ్లలోకే కొడుతుంది, డిప్పర్‌లోనే వెళ్లు. స్వెట్టరు లోపల ఛాతీకి అడ్డంగా పేపరు మడిచి పెట్టుకో, గాలి దూరదు. హెల్మెట్ అద్దం లోపల కాస్త సబ్బు రాసి పొడిబట్టతో తుడువు, ఆవిరి తక్కువ పడుతుంది. చలికి టైర్లలో గాలి తగ్గుతుంది, వారానికోసారి చూపించు. దారి కనబడకపోతే టీ కొట్టు దగ్గర ఆగి ఫోన్ చెయ్యి. ఆలస్యమైందని అనేవాళ్లని అననీ.

అత్తయ్య ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ ఎనిమిది దాటితే "పిల్ల ఫోన్ కొట్టిందా?" అని నాకంటే ముందు ఆమే అడుగుతోంది.

మీ ఇంట్లోనూ చలిలో బండెక్కే ఆడపిల్ల ఉంటే, ఆపే ముందు ఒకసారి దాని టైర్లు, లైట్లు చూడండి. భయం ఎలాగూ పోదు. కనీసం మన భయం పిల్లకి పనికొచ్చేలా ఉండాలి కదా.