అద్దంలో అక్షరాలు

టీ షర్టుమీద తెలుగు అచ్చు వేయించబోయినవారికి కొట్లో మొదట వినిపించే మాట, "ఇంగ్లీషైతే సులువండీ" అని. ఆమదాలవలసలో మా మేనల్లుడు తెరిచిన కొట్లోనూ నాకు అదే మాట ఎదురైంది. చివర 'మావయ్యా' అని చేరింది, అంతే తేడా. అతని దగ్గర ఉన్నది వినైల్ కోసే యంత్రం. రంగు ప్లాస్టిక్ పొరను అది అక్షరాల ఆకారంలో కోస్తుంది. అక్కరలేని భాగాన్ని మనం సన్నని కొక్కెంతో పెరికివేసి, మిగిలినదాన్ని వేడితో గుడ్డకు అంటించాలి. నిలువు గీతల రోమన్ లిపికి ఇది చక్కగా నప్పుతుంది. మన లిపి సంగతి వేరు. 'ఆమదాలవలస'లో అదృష్టవశాత్తూ ఒక్క ఒత్తైనా లేదు. అయినా చివరి 'స' తలకట్టు అక్షరాన్ని అంటకుండా విడిగా నిలిచి, పెరికేటప్పుడు చెత్తతోపాటు లేచి వస్తుంది. ఈ ఊరి రైలు స్టేషను పేరు 'శ్రీకాకుళం రోడ్డు'ను చిన్న అక్షరాలలో కోయించి చూడండి, కొక్కెం పట్టినవాడి ఓపిక ఎంతటిదో తెలుస్తుంది.

మాకు కావలసినవి నలభై చొక్కాలు. పదవ తరగతి కలిసి చదివినవారి సమావేశం కోసం. ముందువైపు ఎవరి పేరు వారికి తెలుగులో, వెనుకవైపు ఆనాటి బృంద ఛాయాచిత్రం. ఆ నలుపు తెలుపు పటంలో ఉన్నవారిలో ముగ్గురు ఇప్పుడు లేరు. వినైల్‌కు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పొర కావాలి. ముఖంలోని వెలుగునీడలు దానికి చిక్కవు. పెద్ద ఊళ్ళలో ఇప్పుడు డీటీఎఫ్ వచ్చింది, తెల్ల సిరా, జిగురు పొడితో సహా. ఆ యంత్రం మా కొట్టు తాహతుకు మించినది. అందువల్ల ఇంక్‌జెట్ కాగితం దారి పట్టాము.

ఆ కాగితానికి ఒకవైపు కరిగే పూత ఉంటుంది. మామూలు ఇంక్‌జెట్ ప్రింటరుతో బొమ్మను దానిపై ఎడమకుడి తిరగేసి అచ్చువేసి, చొక్కాపై బోర్లించి, ఇంచుమించు 180 డిగ్రీల వేడిలో అర నిమిషం అదమాలి. పూత కరిగి నూలును పట్టుకుంటుంది. ఆపైన కాగితం ఒలిచేయవచ్చు. ప్రింటరులో తెల్ల సిరా లేదు గనుక తెలుపు చొక్కాదే కావాలి. నీటికి కరిగిపోయే డై సిరాకంటే పిగ్మెంట్ సిరా మేలు. మా వైపు వానాకాలపు గాలిలో నూలు చెమ్మ పీలుస్తుంది. ముందుగా వట్టి చొక్కాను అయిదారు క్షణాలు అదిమి ఆ చెమ్మను వెళ్ళగొట్టాలి.

అన్నిటికన్నా చిక్కు అక్షరదోషాలు చూడడం. తిరగేసిన తెలుగులో తప్పు కంటికి ఆనదు. సీసపు అక్షరాలు పేర్చిన పాతకాలపు కంపోజిటర్లు అటువంటి తెలుగును అలవోకగా చదివేవారు. మాకా విద్య లేదు. ఇంక్‌స్కేప్‌లో పేర్లన్నీ నేరుగా ఉండగానే రెండుసార్లు చదివి, తిప్పి అచ్చువేశాక చేతి అద్దం పట్టుకుని మరొకసారి చదివాము. పాత ఫొటోషాప్‌లో యూనికోడ్ ఒత్తులు పక్కకు దొర్లిపోయిన రోజులు ఎరిగినవారికి ఆ అద్దంలో సరైన 'ష్ణ' కనబడితే కలిగే తృప్తి వేరే చెప్పనక్కరలేదు.

దీనికి మూల్యమూ ఉంది. మచిలీపట్నం కలంకారీలో కరక్కాయ, పటిక రంగును నూలుపోగులోనే పట్టి నిలుపుతాయి. ఇక్కడ రంగు పొరలో ఉంటుంది, పొర గుడ్డమీద ఉంటుంది. టీ షర్టు అల్లిక బట్ట, సాగుతుంది. పొర అంతగా సాగదు, ఉతుకులు పెరిగేకొద్దీ పగులుతుంది. మన్నికలో వినైల్‌దే పైచేయి, ఒప్పుకోవలసిందే. నేత బట్టైతే ఇంతగా సాగదు కదా అని మేనల్లుడు పొందూరు ఖద్దరు ముక్క ఒకటి తెచ్చాడు. అంత సన్నని వడుకుపై ఈ ప్లాస్టిక్ పొర అతికించడానికి నాకు చేయి రాలేదు.

పగిలేది ముఖాలమీద అన్నదే నా బాధ. అందుకని పటాన్ని నడుం దగ్గర వద్దని, బట్ట తక్కువగా సాగే భుజాల నడుమకు జరిపించాను. చుట్టూ ఖాళీ పూతను కత్తిరించి తీసేశాము. అది ఉన్నంతమేరా వీపుకు గాలి ఆడదు. ప్రతి చొక్కాకూ ఒక చీటీ: తిరగేసి, చల్లని నీటిలో ఉతకండి, నీడన ఆరవేయండి, బొమ్మపై ఇస్త్రీ వద్దు.

నలభైలో మూడు చొక్కాలు ఆ ముగ్గురి ఇళ్ళకు పంపవలసినవి. వాటిలో కూడా చీటీ పెట్టాలా మావయ్యా అని అడిగాడు మేనల్లుడు. పెట్టమన్నాను.