అబ్బా దాచిన సోనా

అబ్బా వదిలి వెళ్ళిన జాయిదాద్ అంతా ఒక రేకు సందూక్‌లో పట్టింది. జానమాజ్, తస్బీహ్, రెండు జతల బట్టలు, పిడికిలంత తెల్లరాయి. రాయి పక్కన పసుపు మెరుపులు. రామగిరి బంగారు గనిలో పనిచేసే రోజుల్లో బయట పారబోసిన రాళ్ళగుట్టలో దొరికిందట. గని మూతపడ్డాక పుట్టపర్తిలో మేస్త్రీల వెంట కూలికి పోయాడు. బియ్యం నిండుకున్న రోజు కూడా ఆ రాయి సందూక్ దాటలేదు. "ఘర్ మే సోనా హై, ఫికర్ నక్కో" అనేవాడు.

ఇంటర్ అయిన నా కూతురు జియాలజీ చదువుతానంది. ఆడపిల్లకు రాళ్ళ చదువేందని ఖాందాన్ అంతా ఒకటే మాట. ముందు చూసొద్దామని ఉస్మానియా యూనివర్సిటీకి తీసుకెళ్ళాను. దాదా రాయిని బ్యాగులో పెట్టుకుంది.

1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన యూనివర్సిటీ అది. దారుత్తర్జుమాలో ఆలిమ్‌లు కూర్చుని సైన్సుకు ఉర్దూ మాటలు కట్టిన చోటు. ఉర్దూ మీడియం బడిలో చదివిన నాకు ఖనిజాలంటే ఇప్పటికీ ముందు 'మాదనియాత్' అనే నోటికొస్తుంది.

మ్యూజియంలో అద్దాల అల్మారాలు. మంగంపేట ముగ్గురాయి, పులివెందుల రాతినార చూస్తే మనవాళ్ళు కనబడ్డట్టయింది. గోదావరి లోయ రాతిలో ఆకు ముద్ర, ఈనెలతో సహా.

"మా అనంతపురం రాళ్ళలో ఇలాంటివి ఎందుకుండవు సార్?" అడిగింది నా కూతురు.

"మీవి చాలావరకు 250 కోట్ల ఏళ్ళు దాటినవమ్మా. అప్పటికి ఆకూ లేదు, జంతువూ లేదు."

అప్పుడు రాయి తీసిచ్చింది. ఆయన పింగాణీ పలక మీద మెరిసేచోట గీశారు. బంగారమైతే గీత పసుపుగా పడుతుంది. నల్లగా పడింది.

"పైరైట్. ఇనుము, గంధకం. తెల్లది పలుగురాయి. బంగారం ఉన్న పలుగు చారల్లో ఇదీ తరచుగా ఉంటుంది. గనిమనిషికి ఇది కనబడితే ఆశే."

బండిలో రాత్రంతా నిద్ర పట్టలేదు. అమ్మీకి చెప్పాలా, వద్దా? ముప్పై ఏళ్ళ తసల్లీని నల్ల గీతతో కొట్టేయడమేనా?

ఇషా నమాజ్ అయ్యాక నేను నీళ్ళు నములుతుంటే, నా కూతురే చెప్పేసింది. అమ్మీ జానమాజ్ మడుస్తూనే ఉంది.

"మీ దాదాకు ఎప్పుడో తెలుసు బేటా. ధర్మవరంలో కంసాలి గీటురాయి మీద రుద్ది చెప్పినాడు. సోనా అయితే మీ పెద్ద ఫూఫీ నికాకే అమ్మేసేవాళ్ళం. కాదు కాబట్టే మిగిలింది."

"మరి దాచుకున్నాడెందుకు దాదీ?"

"పిల్లలు ధైర్యంగా పడుకుంటారని."

నాకేమీ మాట రాలేదు. సందూక్ మూత నేనే వేశాను, రాయి లేకుండా.

నా కూతురు జియాలజీకి దరఖాస్తు పెట్టింది. రాయి ఆమె బల్ల మీదుంది. మ్యూజియంలోలా కాగితం అంటించింది: 'పైరైట్, పలుగురాయి. రామగిరి. దొరికించుకున్నది: దాదాజాన్.' అమ్మీకి తెలుగు చదవడం రాదు. కింద ఉర్దూలో నేను రాశాను.